కత్తి తాకని తోరణం

హలో… ఆ, నేనే. కేసర్ వదినని.

వినబడుతోందా?… నాకు నువ్వు నూతిలోంచి మాట్లాడుతున్నట్టున్నావు. ఇక్కడ ఊళ్లో సిగ్నల్ అంతే, సుగనా బాయీ. డాబా ఎక్కితే వస్తుంది, దిగితే పోతుంది. డాబా ఎక్కడానికి నా మోకాళ్లు ఒప్పుకోవుగా. అందుకని వీధి వాకిట్లో, ఒంటెని కట్టే రాయి మీద కూర్చున్నా…

ఆ, ఆ రాయే. నువ్వు పడి పన్ను విరగ్గొట్టుకున్నదే. అది మాత్రం చెక్కుచెదరలేదు.

గొంతేమిటి అలా ఉంది?… జలుబా. ఫాల్గుణం వచ్చాక జలుబేమిటే. వాము వేసి నీళ్లు కాచుకు తాగు. మన కలకత్తా గాలే అంత, ఎప్పుడూ చెమ్మే…

అయింది, శుభంగా అయింది. నిన్న పొద్దున్నే కులదేవత గుడిలో గుండు చేయించాం. మా మనవడు దేవాంశ్ గాడు మంగలి చేతిలో కత్తి చూసి గుడి ఎగిరిపోయేట్టు ఏడ్చాడు. పుట్టువెంట్రుకలు తీశాక చూస్తే అచ్చం మీ అన్నయ్యే. అదే మాట అందరి ముందూ అన్నాను. మీ అన్నయ్య అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు…

హమ్మయ్య, నవ్వావు.

మీ ఆయన ఏడీ, పరిమళ్‌బాబు?… పడుకున్నాడా? ఇంత పొద్దెక్కాకా? డ్రాయింగు మాస్టారు రిటైరైతే మరీ బద్ధకస్తుడైపోయాడే… ఒంట్లో బాగానే ఉందిగా?… సరే, సరేలే. లేపకు.

లేచాక ఆ గోడబొమ్మల ఫోటోలు చూడమను. మొన్నట్నుంచీ పంపుతూనే ఉన్నా, నీలం గీతలు పడట్లేదు. రైలు బొమ్మ పంపా. ఏనుగుల వరస పంపా. ఎప్పుడు ఫోను చేసినా నా ప్రాణం తీస్తాడుగా, వదినా ఆ నీలం ఎలాంటి నీలం, సున్నం తడిగా ఉండగానే వేశారా ఆరాక వేశారా అని. నాకేం తెలుసు? నేను ఈ ఇంటికి కాపరానికొచ్చానా, బొమ్మలు వేయడానికొచ్చానా? అయినా ఈసారి ఆయన కోసమని దగ్గరికెళ్లి గోరుతో గీకి చూశా. ఊడలేదని చెప్పు. తడి సున్నం మీదే వేసుంటారని చెప్పు.

చెప్తావుగా?… బాయీ?… ఆ, ఉన్నావా. లైను పోయిందనుకున్నా.

ఇల్లా… ఇంటి సంగతి ఏం చెప్పమంటావు.

రేపు జుంఝునూ నుంచి యంత్రం వస్తుంది. పడగొట్టేస్తారు. ఇవాళ చెక్కపనంతా ఊడదీస్తున్నారు. కిటికీలు పోయాయి, దూలాలకున్న నగిషీలు పోయాయి. వీధి తలుపు ఢిల్లీలో ఎవరో హోటలు వాళ్లు కొన్నారట, గడపతో సహా పట్టుకుపోతారు…

ఎవరని అడ్డుపడతాం? వాటాదారులే ఒక పటాలం ఉన్నారు. సూరత్ వాళ్లు, గౌహతి వాళ్లు… సగంమంది ఈ ఇల్లు కంటితో చూడను కూడా లేదు. మీ అన్నయ్య ఒక్కడు వద్దంటే ఎవడు వింటాడు. ఆయనా వద్దని గట్టిగా అనలేదులే. అనలేకపోయాడు.

బొమ్మలా?… బొమ్మలు గోడతోపాటే బాయీ. గోడని లారీ ఎక్కించలేరుగా.

ఆ రైలు చూసి ఇప్పుడూ నవ్వొస్తుంది. ఆ బొమ్మలాయన జన్మలో రైలు చూసుండడు. పెట్టెకో అరుగు, అరుగు మీద తలపాగా పెట్టుకుని గులాబీ వాసన చూసే మనిషి. పొగగొట్టం మీద నెమలి. నువ్వు చిన్నప్పుడు బొగ్గుతో మీసాలు పెట్టావే ఒక దొరసానికి, ఆవిడ ఇంకా ఆ మీసాలతోనే కుర్చీలో కూర్చునుంది. నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు నిజంగానే మీసాల దొరసాని అనుకున్నా, సిగ్గుతో ఎవర్నీ అడగలేదు…

ఏడుస్తున్నావా? ఏడవకే. ఇంటి కోసం నిన్ను ఏడిపించడానికి ఫోను చేయలేదు. అసలు సంగతి చెప్పాలి నీకు. పొద్దున్నుంచీ నా కడుపులో ఆగట్లేదు.

విను. వీధి తలుపు ఊడదీయాలంటే ముందు పైన కొట్టిన చెక్క తోరణాలు దించాలిగా. వడ్రంగి సాంవర్ వచ్చాడు. నీకు తెలుసు, ముసలి గీగారామ్ కొడుకు. వాడికీ జుట్టు నెరిసిపోయింది. నిచ్చెనేసి ఒక్కొక్కటీ దించి మంచం మీద పెడుతున్నాడు. వాటికి చెక్కిన చిలకల మీద ఎంత దుమ్మో. నేను కొంగుతో తుడుస్తూ ఏది ఎవరిదో మా కోడలికి చెబుతున్నా. ఈ ఇంటి ఆడపిల్ల పెళ్లికో తోరణం, పెళ్లికొడుకు గుర్రం మీద వచ్చి కత్తితో తాకితే గానీ గడప దాటనివ్వరు, ఒకసారి కొట్టిన తోరణం మళ్లీ దించరు అని. ఇది మీ మేనత్తది. ఇది మీ పెద్దక్కది. ఇది మీ రెండో అక్కది, వాళ్లాయన కత్తి గట్టిగా విసిరి చిలక ముక్కు ఎగరగొట్టాడే, అది.

అయిపోయాయి కదా అనుకున్నా. సాంవర్ నిచ్చెన దిగలేదు.

ఇంకోటుంది భాభీసా అన్నాడు. కుడిచేతి మూల, వేపకొమ్మ నీడ పడేచోట. కింద నుంచి కనబడదు. ఎన్నిసార్లు ఆ తలుపులోంచి వచ్చి పోయాం, ఒక్కరం తలెత్తి చూడలేదు.

ఎవరిదిరా అని అడిగా. వాడు చెప్పడు. మంచినీళ్లు అడిగాడు. తాగాడు. అప్పుడు చెప్పాడు…

నీది.

హలో… బాయీ… వింటున్నావా?… నీదే. నీ తోరణమే. నేనేం కల్పించి చెప్పట్లేదు, దేవాంశ్ మీద ఒట్టు.

నువ్వు పరిమళ్‌బాబుని చేసుకుని వెళ్లిపోయిన ఏడు చలికాలంలో మీ నాన్నగారు ఒక్కరే ఊరొచ్చారు, గుర్తుందా, నీకు ఫోన్లో చెప్పాను కూడా. డాబా కారుతోందని చెప్పి బయల్దేరారు. ఇక్కడ వానే సరిగ్గా పడదు, డాబా కారడమేమిటని మీ అన్నయ్యా నేనూ నవ్వుకున్నాం. అసలు ఈ తోరణం కోసం వచ్చారు. గీగారామ్ చేత రోహిడా చెక్కతో చేయించారు. ఎవరి పెళ్లికి సేఠ్‌జీ అని అతను అడిగితే, మా సుగనాకి అన్నారట. పెళ్లికొడుకేడీ అంటే, ఇంకా రాలేదు, వస్తాడు అన్నారట. ఆ మూలన కొట్టించి, కలకత్తాలో ఎవరికీ చెప్పొద్దన్నారట. కింద నిచ్చెన పట్టుకుంది సాంవరేనట.

ఆ తర్వాత ఊరొచ్చినప్పుడల్లా అడిగేవారట గీగారామ్‌ని… ఎవరైనా వచ్చి తాకారా అని.

…

నాకు తెలుసు మీ నాన్నగారు ఏమన్నారో. నా ఎదురుగానే కదా అన్నారు. నాకు ఇద్దరే కూతుళ్లు అని. చేపలు తినే ఇంటికి పోయినది నా కడుపున పుట్టలేదని. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడున్నా. అన్నారు. అన్నది నిజమే. ఇదీ నిజమే బాయీ. ఇప్పుడు నేనేం చేయను.

…

చెప్పొచ్చుగా అంటే… ఏం చెప్తాం. ఆ మనిషికి పంతం. పెళ్లికొడుకు తనంతట తను తోరణం కిందికి రావాలి గానీ పిల్ల తండ్రి వెళ్లి పిలవడం మన ఆచారంలో ఉందా? నువ్వేమో, పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్తే వస్తాను గానీ పిలవని గడప తొక్కనని. అదీ మన ఆచారమే. తప్పు నీదనను. కాకపోతే ఆయన తన వాకిలి చూస్తూ, నువ్వు నీ వాకిలి చూస్తూ… ఒక్క పోలికైనా మీ అమ్మది రాకూడదుటే నీకు?

ఆయన పోయినప్పుడు కూడా ఎవరూ తీసుకెళ్లడానికి రాలేదని శ్మశానం బయట టాక్సీలో కూర్చుని వెళ్లిపోయావు. నాకు తెలుసు. పరిమళ్‌బాబు చెప్పాడు. ఆయనొక్కడే లోపలికొచ్చి, దూరంగా నిలబడి దణ్ణం పెట్టుకుని పోయాడు.

సరే, అదంతా వదిలెయ్. ఇప్పుడు ఏడవడానికి టైము లేదు, ఏడుపు ఎప్పుడూ ఉండేదే. సాంవర్ ఏమంటున్నాడంటే, మిగిలినవి దించాను గానీ ఇది దించనంటున్నాడు. కత్తి తాకని తోరణం దించకూడదట. పెళ్లి సగంలో ఆపినట్టట. ఆ హోటలు మనిషి ఎంత అరిచినా వినడు. అల్లుడుగారొచ్చి తాకితే ఆ మరుక్షణం దించుతానంటున్నాడు.

అందుకని… మీరిద్దరూ విమానం ఎక్కండి. జైపూర్‌కి కారు పంపిస్తా. యంత్రం వాణ్ని రెండ్రోజులు ఆపిస్తానని మీ అన్నయ్య ఒప్పుకున్నాడు… అవును, మీ అన్నయ్యే. ఆ తోరణం చూసినప్పట్నుంచీ మనిషి గడప దగ్గరే తిరుగుతున్నాడు.

గుర్రం ఎక్కించనులే మీ ఆయన్ని, భయపడొద్దని చెప్పు. పొడుగు మనిషేగా, చేతికర్ర ఎత్తితే అందుతుంది. డెబ్భై దాటిన పెళ్లికొడుకు. నేనూ మా కోడలూ వాకిట్లో కూర్చుని తిట్టుపాటలు పాడతాం. చేపల బుట్ట తెచ్చాడమ్మా పెళ్లికొడుకు, రంగుల డబ్బా తెచ్చాడమ్మా… పాట అప్పుడే కట్టేశా. ఇన్నేళ్లు దాచుకున్న తిట్లు, అన్నీ తీర్చుకుంటా. చుర్మా మిఠాయి చేస్తా. తర్వాత ఆ బొమ్మల ముందు కుర్చీ వేసి కూర్చోబెడతా, తనివి తీరేదాకా చూసుకుంటాడు. చూడాలని ఎంత కొట్టుకున్నాడు పాపం. నీ వెంట మీ ఇంటికి వస్తానని ఒక్కనాడు అన్నాడా, నీకు బాధని.

లేపు ఆయన్ని. ఫోనివ్వు… నేనే అడుగుతా… ఇవ్వవే… తర్వాతేమిటి తర్వాత, రెండ్రోజుల్లో ఇల్లుండదంటుంటే…

ఏమిటి?…

లేడంటే? బయటికెళ్లాడా? ఇందాక పడుకున్నాడన్నావు…

…

బాయీ.

…

మళ్లీ చెప్పు. నాకు సరిగ్గా వినబళ్లేదు.

…

ఎప్పుడు?

మేం రైలెక్కిన రోజా… పొద్దున్నా… కుర్చీలో కూర్చునే… టీ చల్లారిపోతోందని చెప్పడానికెళ్తే…

ఆగు. ఆ రోజు సాయంత్రం నువ్వు ఫోను చేశావు. స్టేషన్లో ఉన్నాం. దారికి పూరీలు కట్టుకున్నారా అని అడిగావు. పిల్లాడికి చలిగాలి తగలనివ్వకు అన్నావు… అప్పటికి… అప్పటికి ఇంకా ఇంట్లోనే…

ఇంట్లో ఆయన్ని అలా పెట్టుకుని నన్ను పూరీల గురించి అడిగావా?

ఎందుకు చెప్పలేదే… శుభకార్యం ఆగిపోతుందనా. పిల్లాడి పుట్టువెంట్రుకలకి మైల తగులుతుందనా… ఎవరు ఆలోచించమన్నారు నిన్ను అదంతా. మాకు పెళ్లి చెప్పుకోలేదు నువ్వు, చావు కూడా చెప్పుకోవా? మైల పట్టే చుట్టరికం ఉందని నువ్వొక్కదానివే అనుకుంటూ కూర్చున్నావా ఇన్నేళ్లూ…

లేదు, లేదు. నిన్ననట్లేదు. నన్నొదిలెయ్, నాకు ఏం మాట్లాడుతున్నానో తెలియట్లేదు. నేనిక్కడ తిట్టుపాటలు కట్టాను బాయీ. ఇప్పుడే, నీకు వినిపించాను. నువ్వు విన్నావు.

నీ దగ్గరెవరున్నారు?… ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్న పిల్లలా. వాళ్లే భుజం పట్టారా… రాత్రిళ్లు ఎవరు పడుకుంటున్నారు?… ఎవరూ అక్కర్లేదంటే ఎలాగే.

అయితే ఆ ఫోటోలు… ఆయన ఫోన్లో అలాగే…

ఉండు. ఒక్క నిమిషం.

—ఏమండీ. ఇలా రండి. ఆ లారీ వాడితో తర్వాత మాట్లాడుదురు గాని. పరిమళ్‌బాబు పోయారు… మనం బయల్దేరిన రోజే… చెప్పలేదు, గుండు అయ్యేదాకా చెప్పకూడదనుకుంది… అవును, లైన్లోనే ఉంది… కాస్త కూర్చోండి. 

కూర్చున్నాడు బాయీ. గడప మీదే కూర్చున్నాడు. తల పట్టుకున్నాడు.

ఆ, ఉన్నాను చెప్పు… సాంవరా? ఉన్నాడు, నిచ్చెన దగ్గరే. ఏం?…

దించేయమంటావా?

…

ఆలోచించుకో. ఇంకా రెండ్రోజులుంది టైము… కాదులే, నిజమే. ఎవరి కోసం ఉంచాలి. ఆగినా ఎవరొస్తారు.

—సాంవర్. దించెయ్ నాయనా… బాయీయే చెప్తోంది. ఫోన్లో ఉంది.

ఏదో అడుగుతున్నాడు… తాకకుండానే దించాలా అని అడుగుతున్నాడు. ఏం చెప్పను?

…

—అంతే, సాంవర్. తాకకుండానే.

ఎక్కుతున్నాడు. సుత్తి తీశాడు… చప్పుడు వినబడుతోందా? వద్దంటే లోపలికెళ్తా… వింటావా. సరే. ఫోను అటు పెడతాను.

…

ఆ మేకు రానంటోంది. రోహిడా చెక్క, పట్టేసింది.

…

వచ్చింది. దిగింది బాయీ. నా ఒళ్లో ఉంది. చిన్నదే. అందరివాటికన్నా చిన్నది. చిలకలకి ఇంకా ఆకుపచ్చ రంగుంది. మధ్యలో వినాయకుడు. మీ నాన్నగారికి ఎప్పుడూ వినాయకుడే కదా. ఎక్కడా ఒక్క గీత కూడా లేదు దీని మీద. వేలితో తడిమి చూశా. ఎక్కడా లేదు.

ఇది మాత్రం ఎవ్వడికీ ఇవ్వను. నీకు తెచ్చిస్తా. నీ ఇష్టం, గోడకి పెట్టుకుంటావో, గంగలో కలుపుతావో.

ఉండు, మీ అన్నయ్య ఏదో అంటున్నాడు.

—ఏమిటండీ?… మళ్లీ చెప్పండి…

బాయీ… విను. మీ అన్నయ్య… తీసుకురావడానికి వెళ్తానంటున్నాడు. నిన్ను. ఇవాళే, ఇప్పుడే. కారు తీయమని చెప్పాడు. నేనే స్వయంగా వెళ్లి బాయీని తీసుకొస్తానని చెప్పు అంటున్నాడు. ఇన్నేళ్లుగా ఈ మాట కోసమే కదా నువ్వు… రాఖీ పంపిన ప్రతిసారీ నన్ను అడిగేదానివి, అన్నయ్య ఏమైనా అన్నాడా అని. అన్నాడు. ఇదిగో, అన్నాడు. నా ఎదురుగా గడప మీదే కూర్చుని ఏడుస్తున్నాడు.

వస్తావా?

…

ఏమిటి?… గట్టిగా చెప్పు, ఇక్కడ గునపాల చప్పుడు…

…

ఆ. విన్నాను.

కలకత్తాలో మన బాలీగంజ్ ఇంటికి రా. నా దగ్గరుండు… అది మీ ఇల్లు వదినా అంటే నేనేం మాట్లాడను… సరే. అడుగుతాను. నువ్వన్నది అన్నట్టే అడుగుతాను.

—ఏమండీ. మీ చెల్లెలు అడుగుతోంది… ఏ గడపకి తీసుకొస్తావు అని.

…

బాయీ… గడప మీంచి పక్కకి జరిగాడు. ఊడదీయాలి లేవండి సేఠ్‌జీ అన్నారు ఆ మనుషులు. జరిగాడు.

ఉన్నాను, నేనెక్కడికి పోతాను. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఊరికే అలా ఉండు. నువ్వు పెట్టేదాకా నేను పెట్టను.

…

…

పెట్టేసిందండీ.